ఉప్పు మీద పగబట్టిన మనిషి

మా మేనత్త చేతి దెబ్బ తినని మగవాడు జువ్వలదిన్నెలో ఎవడైనా ఉన్నాడంటే, వాడు నిన్నగాక మొన్న ఆ ఊరికి వచ్చినవాడై ఉండాలి. అతిశయోక్తి అనుకోకండి. నేను కావలిలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికే మనిషిని. తల సగం నెరిసింది. అయినా ఎడమ భుజం మీద ఆమె పడవ తెడ్డు తగిలిన చోటు చలికాలంలో ఇప్పటికీ పోటు పెడుతుంది. ఆ దెబ్బ దొంగతనం చేసినందుకు కాదు, అబద్ధం ఆడినందుకూ కాదు. పెరుగన్నంలో ఉప్పు కలుపుకున్నందుకు.

మొన్న కావలిలోనే తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్ళి బంతిలో కూర్చున్నాను. వడ్డించే మనిషి ఆనవాయితీ ప్రకారం ముందుగా ఆకు మూల చిటికెడు ఉప్పు పెట్టి పోయాడు. నేను చప్పున వెనక్కి తిరిగి చూశాను. పక్కనున్న మాస్టారు "ఎవరికోసం సార్?" అని అడిగారు. ఎవరికోసమని చెప్పను? ఆమె పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళు తెడ్డు పట్టుకుని పెళ్ళి బంతుల్లోకి రారని నాకూ తెలుసు. అయినా ఆ ఉప్పును వేలితో ఆకు మీంచి తోసేసిందాకా నాకు ముద్ద దిగలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగానే ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు 'ఏమ్మే' అనేవాళ్ళు, చిన్నవాళ్ళు 'అక్కా' అనేవాళ్ళు, ఆమె కనుచూపు మేరలో లేదని తేల్చుకున్నాక అందరూ 'తుఫాను' అనేవాళ్ళు. చూస్తే పిడికెడు మనిషి. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపి, నుదుటికి ఒక పాత తుండుగుడ్డ బిగించి కట్టి, సముద్రం మీద గాలి మళ్ళినట్టు ఉన్నపాటున ఒక వైపు నించి ఊడిపడేది. అరచేతులు ఉప్పు తిని తిని తెల్లగా పగిలి ఉండేవి. ఆ చేతితో చెంప మీద ఒకటి పడిందంటే మంట సాయంత్రం దాకా దిగేది కాదు.

ముందు ఒకటి తగిలించి, తర్వాత సంగతేమిటని అడగడం ఆమె పద్ధతి. "నోటితో చెబితే నీళ్ళ మీద రాతరా అల్లుడా. వీపు మీద చెబితే గుర్తుంటాది" అనేది. పెళ్ళయిన కొత్తలో మొగుడు ఒకసారి ఆమె మీద చెయ్యెత్తాడట. ఆ చెయ్యి మళ్ళీ సరిగా అతకలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయన బోట్ల పనికని చెన్నై వైపు పోయి అక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. ఇక ఆమెకు ఉన్నదల్లా ఇద్దరు అన్నదమ్ములు, మా పెదనాన్న, మా నాన్న. వాళ్ళ ఇళ్ళను ఆమె తన ఇల్లు మాదిరే ఏలింది. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆమె బతుకుతెరువు ఉప్పుచేప. హార్బరు కట్టకముందు నించీ ఉన్న పని. బోటు ఒడ్డుకు వచ్చీ రాగానే వంజరం చేపో మాగ చేపో తెచ్చి, కత్తిపీట మీద వెన్ను పొడుగునా చీల్చి, పేగులు పీకి, తొట్టిలో పొర చేప మీద పొర ఉప్పు వేసి ఊరబెట్టేది. తర్వాత ఇసుకలో పరిచిన వలల మీద ఎండకు వేసేది. అందులో కిటుకంతా ఒక్కచోటే ఉంది. వెన్నెముక పక్కన మందంగా ఉండే కండలోకి ఉప్పు దిగిందా లేదా అన్నది. అక్కడ దిగకపోతే పైకి చేప ఎంత తెల్లగా మెరిసినా లోపల పురుగు పడుతుంది. అది తెలుసుకోవడానికి ఏ మిషనూ లేదు. బొటనవేలి గోరుతో ఎముక పక్కన గిల్లి, ఆ తునక నాలుక మీద వేసుకోవాలి.

మా అత్త రోజంతా అదే చేసేది. తొట్టి తొట్టికీ వంగడం, గిల్లడం, నోట్లో వేసుకోవడం, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడడం, "ఇంకో పూట ఉండనీ" అనో "తియ్యండి" అనో అరవడం. గిల్లిన తునకను ఉమ్మేది కాదు. గంగమ్మ ఇచ్చిందాన్ని ఉమ్మగూడదని ఆ పని చేసే ఆడవాళ్ళందరికీ పట్టింపు. మింగాల్సిందే. ఆమె నాలుక దాటిన సరుక్కి పురుగు పట్టదని కావలి మార్కెట్లో పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

అంత ఉప్పు మధ్య బతికిన మనిషికి ఉప్పు మీద పగ ఎందుకొచ్చిందో చెప్పాలి.

మా తాత అన్నం కంచం ముందు పోయాడు. గంజిలో రాతి ఉప్పు వేసుకుని, ఎండుచేప కాల్చుకుని, ఊరగాయ నంజుకుని తినే మనిషి. ముద్ద నోటి దాకా తెచ్చినవాడు అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. అప్పటికి అత్త పరికిణీ కట్టే పిల్ల. గాలి సోకిందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. చాలా ఏళ్ళకు మా పెదనాన్న, ఆ తాత వయసుకు ఇంకా రాకముందే, నడిసముద్రంలో వల లాగుతూ బోటులో కూలిపోయాడు. తోటివాళ్ళు ఒడ్డుకు మోసుకొచ్చేసరికి మూతి ఒక పక్కకు వెళ్ళిపోయి, ఒక కన్ను మూతపడక, గొంతులో గురక. కావలి దాకా తీసుకుపోతూంటే దారిలోనే అయిపోయింది.

అత్త ఏడవలేదు. ఇంట్లోకి వెళ్ళి గొడ్డలి తెచ్చి, ఒడ్డున కట్టేసి ఉన్న పెదనాన్న బోటును నరకడం మొదలుపెట్టింది. పెచ్చులు లేచిపడుతున్నాయి. పట్టుకోబోయిన వాడొకడికి గొడ్డలి పిడి మొహానికి తగిలి రెండు పళ్ళు రాలాయి. నోట్లోంచి రక్తం కారుతూంటే వాడు ఇసుకలో కూలబడ్డాడు. ఆమె వాణ్ణి చూడను కూడా చూడలేదు. చేతులు బొబ్బలెక్కి గొడ్డలి జారిపోయిందాకా నరికింది. నేను కొబ్బరిచెట్టు మొదట్లో మా చెల్లెల్ని పట్టుకుని నిలబడి ఉన్నాను. భయంతో అది నా చొక్కా తడిపేసింది.

అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరి మా ఊరికి వచ్చే ప్రభుత్వ నర్సమ్మ ఒకావిడ ఉండేది. పలకరింపుకని వచ్చి, మాటల్లో అడిగింది. మీ నాయన ఎట్లా పోయాడు, ఏం తినేవాడు, మీ అన్న ఏం తినేవాడు, ఎప్పుడైనా బీపీ చూపించుకున్నారా అని. అన్నీ విని, ఇది గాలీ కాదు చేతబడీ కాదు, రక్తపోటు, మీ ఇంటి రక్తంలో వస్తా ఉన్నట్టుంది, దాని మీద మీ తిండిలో ఉప్పు తోడయింది అని చెప్పింది. ఉన్న ఒక్క తమ్ముడికీ వెంటనే చూడాలని మా నాన్న చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసి, మొహం గంభీరంగా పెట్టింది.

"తమ్ముడికి కూడా ఉందమ్మా. మందు రోజూ వేసుకోవాల. ఉప్పు తగ్గించాల. అరటిపండ్లు, కొబ్బరినీళ్ళు, ఆకుకూరలు పెట్టండి. వాటిల్లో పొటాషియం అని ఉంటాది. ఉప్పులో ఉండేది సోడియం. ఇది ఒంట్లో ఎక్కువైతే అది దీన్ని బయటికి నెట్టేదానికి సాయం చేస్తాది."

అత్త కళ్ళు చిట్లించి విన్నది. "అంటే ఆ రెండిటికీ కొట్లాటా?"

"అట్టాగే అనుకోండి."

"అట్టయితే సరే. ఎవురు గెలవాలో నేను చూసుకుంటా" అన్నది.

కొట్లాట అంటే అర్థమయ్యే మనిషికి అట్లా చెప్పడం నర్సమ్మ చేసిన తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రమే మా ఇంట్లోకి వచ్చి, అటక మీది ఊరగాయ జాడీలు ఒక్కొక్కటే దించి పెరట్లో రాయికేసి బద్దలు కొట్టింది. మా అమ్మ అడ్డం పోయింది. జుట్టు పట్టి పక్కకు లాగేసింది. "నీ మొగుడు కావాల్నా, మాగాయి కావాల్నా? చెప్పవే!" అని అరిచింది. ఎర్రటి నూనె పెరడంతా పారింది. మా అమ్మ ఏడుస్తూ కూర్చుంటే, అత్త పక్కనే చతికిలబడి పెంకులు ఏరింది. వేలు తెగి రక్తం కారుతున్నా ఏరుతూనే ఉంది.

అక్కణ్ణించి యుద్ధమే. మా ఇంట్లో అప్పడం కాలలేదు, ఎండుచేప ఉడకలేదు. మా బంధువుల పెళ్ళిలో బంతి సాగుతూంటే ఆమె వరస పొడుగునా నడుచుకుంటూ వచ్చి, మా వాళ్ళ ఆకుల మూలనున్న ఉప్పును కాలితో తుడిచేసింది. పెళ్ళికొడుకు మేనమామ "అన్నం ముందు కాలు పెడతావా?" అని లేచాడు. ఆయన చేతిలోని నీళ్ళ చెంబుతోనే ఆయన నెత్తి పగిలింది. పెళ్ళి ఆగలేదు గానీ, ఫొటోల్లో ఆయన కట్టుతోనే ఉన్నాడు. మా నాన్నకు రోజూ కొబ్బరిబొండం. ఆయన వద్దంటే ముక్కు పట్టుకుని తాగించేది. మాత్ర వేసుకున్నాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, దవడల్లో వేలు పెట్టి చూసేది. పశువుకు మందు పోసినట్టే.

మా నాన్న సంగతి చెప్పాలి. ఒక తల్లి కడుపున ఇద్దరూ ఎట్లా పుట్టారో ఆ దేవుడికే తెలియాలి. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆయన గొంతు పెద్దది చేయగా నేను వినలేదు. వలలో తాబేలు పడితే దానికి క్షమాపణ చెప్పి వదిలే రకం. అత్తకు అదే భయం. నర్సమ్మ చెప్పిన ఉప్పూ రక్తసంబంధమూ సరే, ఆమెకు సొంతంగా ఇంకో సిద్ధాంతం ఉంది. కోపం లోపల దాచుకునేవాడికే పోటు వస్తుందని, బయటికి కక్కేస్తే దిగిపోతుందని. "మీ పెదనాయన కూడా ఇంతే, నోరెత్తేవాడు గాదు. పోయినాడా లేదా?" అని నన్నే ఎదురు అడిగేది. కోపం వస్తే కాసేపు పోటు ఎక్కుతుందే గానీ, అరిచినందువల్ల జబ్బు దిగదని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వింటే కదా.

అందుకని ఆమె మా నాన్నకు కోపం తెప్పించే పని పెట్టుకుంది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నలుగురి ముందు చెంప పగలగొట్టేది. ఆడంగి వెధవ అని తిట్టేది. చీపురు తిరగేసేది. ఒకరోజు ఆయన కొత్తగా అల్లించుకున్న వలను ఒడ్డున కుప్ప పోసి, కిరసనాయిలు పోసి అంటించింది. ఆ వల కోసం ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. నైలాను తాళ్ళు కరిగి నల్లగా కారుతున్నాయి. ఆమె మంట పక్కన నిలబడి, "ఇప్పుడన్నా అరవరా! నన్ను కొట్టరా! నీకు రోసం లేదా!" అని గుండెలు బాదుకుంటోంది. నేనే ఆమె మీదికి పోయాను. అప్పుడు తగిలింది భుజం మీద రెండో తెడ్డు దెబ్బ.

మా నాన్న మంట వైపు కాసేపు చూసి, ఆమె దగ్గరికి వెళ్ళి, "అక్కా, పొగ కళ్ళల్లో పడతాది. ఇట్టా రా" అని చెయ్యి పట్టుకుని గాలికి ఎగువకు తీసుకుపోయాడు.

ఆమె అప్పుడు ఏడ్చింది. నేను ఆమె ఏడవగా చూసింది అదే. "నువ్వు కూడా పోతావురా. నువ్వు కూడా పోతావు" అని ఆయన రొమ్ము మీద రెండు పిడికిళ్ళతో గుద్దుతూ ఏడ్చింది. ఆయన గుద్దనిచ్చాడు.

ఏటా ఒకసారి హార్బరు షెడ్డులో బీపీ క్యాంపు పెట్టేవాళ్ళు. ఆ రోజు అత్త చేసే హడావిడి ఎన్నికల్లో కూడా ఉండదు. వేట నించి వచ్చిన మగవాళ్ళను చొక్కా కాలరు పట్టి ఈడ్చుకొచ్చి కుర్చీలో కూలేసేది. పారిపోయే వాడి వెంట తెడ్డు విసిరేది. ఊళ్ళో ఎంతమందికి రోగం ముందుగా బయటపడి ప్రాణాలు దక్కాయో, అంతమంది ఆమెను తిట్టుకుంటూనే దక్కించుకున్నారు. అట్లాంటి ఒక క్యాంపులో, నేను పక్కనే ఉండగా, నర్సమ్మ ఆమె వైపు తిరిగింది.

"అందరికీ చూపించినారు. మీరు కూడా కూర్చోండమ్మా."

"నాకెందుకు?"

"మీ నాయనకి ఉంది, అన్నకి ఉంది, తమ్ముడికి ఉంది. మీదీ అదే రక్తం గదా?"

అత్త నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "మా నాయన పొయ్యేటప్పుడు ఇల్లు కొడుకులకి ఇచ్చినాడు. పడవ కొడుకులకి ఇచ్చినాడు. కొబ్బరిచెట్లు కొడుకులకి ఇచ్చినాడు. నాకు ఒక చెట్టు మట్ట కూడా ఇయ్యలా. ఈ రోగం మాత్రం గుర్తుపెట్టుకోని ఇస్తాడా నాకు? ఇది మా ఇంట్లో మగోళ్ళ ఆస్తి తల్లీ. ఆడబిడ్డకి రాదు."

"అట్టా ఉండదమ్మా. ఇది మగా ఆడా చూడదు. పైకి తెలియను కూడా తెలియదు."

"నేను కంచంలో ఉప్పు ముట్టి ఎన్నేళ్ళయిందో ఈ ఊరినడుగు. కోపం దాచుకున్నానేమో ఈళ్ళ వీపులనడుగు. ఇంక నాకు యాణ్ణించి వస్తాది?"

షెడ్డులో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. కంచంలో ఆమె ఉప్పు వేసుకోదన్నది నిజమే. చప్పిడి అన్నం, చప్పిడి పులుసు, ఎవరూ నోట పెట్టలేనిది తినేది. నర్సమ్మ చొరవగా ఆమె చేతికి పట్టీ చుట్టబోయింది. అత్త చెయ్యి విసిరిన విసురుకు మిషను ఎగిరి సిమెంటు గచ్చు మీద పడి అద్దం పగిలింది. ఆమె వెళ్ళిపోతూ, "పిలకాయల తల్లివి, నిన్ను కొట్టనులే. గమ్మున మగోళ్ళని చూడు" అన్నది. తుండుగుడ్డ ముడి విప్పి, మళ్ళీ ఇంకాస్త బిగించి కట్టుకుంది. తలనొప్పని అప్పుడప్పుడూ అనేది. ఎండలో చేసే పని కదా అని మేం అనుకునేవాళ్ళం.

అది జరిగిన కొన్నాళ్ళకే, ఒక పొద్దున, కొత్తగా వచ్చిన కొనుగోలుదారు ఒకడు సరుకు చూడ్డానికి వచ్చాడు. ఆమె సంగతి తెలియనివాడు. ఒక వంజరాన్ని ఎత్తి, వాసన చూసి, "దీనికి ఉప్పు సరిగ్గా పట్టినట్టు లేదే" అన్నాడు. పనిచేసే ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆమె తల్లిని తిట్టినా బతికిపోయేవాడు. ఆమె నాలుకను తిట్టాడు.

మా నాన్న అప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయన చెప్పిందే నేను రాస్తున్నాను. అత్త ముందు ఆ చేపను లాక్కుని దాని తోకతో వాడి మొహం మీద ఈ చెంపా ఆ చెంపా వాయించింది. వాడు కళ్ళల్లో ఉప్పు పడి పెడబొబ్బలు పెడుతూ వెనక్కి పోతూంటే, వెంటపడి, గోడకు ఆనించిన తెడ్డు అందుకుంది. రెండు చేతులా ఎత్తింది. ఎత్తిన తెడ్డు దిగలేదు. చేతుల్లోంచి జారి ఆమె వెనకే ఇసుకలో పడింది. ఆమె దాని కోసం వెనక్కి తిరగబోయింది. కుడికాలు రాలేదు. "రేయ్" అంది. ఆ మాట వంకరగా వచ్చింది. మూతి పెదనాన్నకు పోయిన వైపే పోయింది. మా నాన్న పరుగెత్తి పట్టుకునేలోపు తొట్టి గట్టుకు నుదురు కొట్టుకుని, రక్తంతో పాటు ఉప్పులో పడిపోయింది.

నెల్లూరుకు తీసుకుపోయాం. ప్రాణం మిగిలింది. కుడి వైపు లేదు, మాట లేదు. పోటు ఎంత ఉందో చూసిన డాక్టరు, ఎన్నేళ్ళ నించి మందు వాడుతోందని అడిగాడు. ఒక్క రోజు కూడా వాడలేదని మా నాన్న చెప్పాడు.

ఇంటికి తెచ్చాక నర్సమ్మ చూడ్డానికి వచ్చింది. మంచం పక్కన కాసేపు కూర్చుని, పెరట్లో తొట్ల దగ్గరికి వచ్చింది. అక్కడ పని ఆగలేదు. అత్త దగ్గర నేర్చుకున్న ఒకామె తొట్టి మీద వంగి, గోరుతో గిల్లి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది. నర్సమ్మ చూస్తూ నిలబడింది. ఆ పనామె ఇంకో తొట్టి దగ్గరికి పోయింది. మళ్ళీ గిల్లింది, మళ్ళీ మింగింది.

"రోజంతా ఇట్టా తింటా ఉంటారా?"

"తినేది గాదమ్మా. చూసేది" అన్నదామె. "అక్క అయితే మాకంటే ఎక్కువ చూసేది. ఆమె చూడందే సరుకు కదిలేది గాదు."

నర్సమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అప్పుడు వెలిగింది. చిన్నప్పటి నించి చూస్తున్నాను. మా అందరి కంచాల్లోంచీ ఉప్పు తన్నేసిన మనిషి, మేం ఒక వారంలో తినేదాని కంటే ఎక్కువ ఒక పూటలో మింగుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు. కంచంలో పడేది తిండి, తొట్టి దగ్గర నాలుక మీద పడేది పని. మా ఊళ్ళో ఆ రెంటినీ కలిపి ఆలోచించేవాళ్ళు లేరు.

తర్వాత ఆమె బతికిన కొన్ని నెలలూ మా నాన్నే అన్నం పెట్టాడు. ఇంకెవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఎడమ చేయి ఒకటి మిగిలింది, దాంతోనే కొట్టేది. మా అమ్మ గాజులు రెండుసార్లు పగిలాయి. నా కళ్ళజోడు పోయింది. మా నాన్న గంజి కలిపి చెంచా నోటి దగ్గర పెడితే, ముందుగా ఆయన నోటి వైపు వేలు చూపించేది. మాత్ర వేసుకున్నావా అని. ఆయన నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేవాడు. దవడల్లోకి కూడా చూసి, అప్పుడు తన నోరు సగం తెరిచేది. సగమే తెరవగలిగేది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆయన చెంప మీద ఎడమ చేత్తో కొట్టి, ఆశగా ఆయన మొహంలోకి చూసేది. అరుస్తాడేమోనని. ఆయన ఆ చేతిని తన చెంపకే అదిమి పట్టుకునేవాడు. ఆమె విసుగ్గా మొహం తిప్పేసుకునేది.

అట్లాగే పోయింది. మా నాన్న చేతిలో చెంచా ఉండగానే.

దినం రోజు ఊరంతా వచ్చింది. నెత్తి పగిలిన మేనమామ వచ్చాడు, పళ్ళు రాలినవాడు వచ్చాడు. బంతిలో ఆకు మూల ఉప్పు వేస్తే ఒక్కడూ ముట్టుకోలేదు. తిన్నాక ఎక్కడ కొట్టించుకున్నారో ఒకరికొకరు చూపించుకుంటూ నవ్వుకున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. భోజనాలయ్యాక మా నాన్న నర్సమ్మ దగ్గరికి పోయి నెమ్మదిగా ఏదో అడిగాడు. ఆవిడ సంచిలోంచి మిషను తీసింది. ఆయనే కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాడు.

అలవాటు కొద్దీ మగవాళ్ళు లేచి వరస కట్టబోయారు. మా నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు గాదు. మా ఇంటి ఆడబిడ్డలు" అన్నాడు. అప్పటికీ ఆయన గొంతు ఎప్పటి గొంతే, పక్కవాడికి తప్ప వినపడనిది.

ఇంటి ఆడబిడ్డల్లో మా చెల్లెలే పెద్దది. అప్పుడు నా చొక్కా తడిపిన పిల్లే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. అత్తగారింటి నించి వచ్చి ఆ రోజంతా వడ్డనలో తిరిగి అలిసిపోయి ఉంది. చేతిలో ఇత్తడి బేసిను పట్టుకుని లోపలికి పోతూ, "నాకెందుకులే నాన్నా. నాకేమైనా రోగమా రొష్టా" అని నవ్వింది.

మా నాన్న ఆ బేసినును కాలితో తన్నాడు.

అది ఎగిరి గోడకు తగిలి, గంగాళాల మధ్య దొర్లి, వాకిలంతా మోగింది. మిగిలిన పులుసు మా చెల్లెలి చీర మీద, గోడ మీద చిమ్మింది. పిల్లలు కెవ్వుమన్నారు. ఆయన చెల్లెలి రెక్క పట్టి ఈడ్చుకొచ్చి కుర్చీలో కూలేశాడు. ఆ వేళ్ళ గుర్తులు మర్నాటికి కూడా దాని చేతి మీద ఉన్నాయి. ఆ తర్వాత ఆయన అరిచాడు. జీవితంలో మొదటిసారి, హార్బరు దాకా వినపడేట్టు, మెడ నరాలు తాళ్ళలాగా లేచేట్టు అరిచాడు. వాకిట్లో ఉన్నవాళ్ళెవరూ ఆయన వైపు చూడలేదు. లోపల, ఖాళీగా ఉన్న ఆమె మంచం వైపు చూశారు.

"మా అక్కకి కూడా వచ్చిందే! మా నాయన ఏమీ ఇయ్యని మా అక్కకి కూడా వచ్చింది! నీకూ వస్తాది. చెయ్యి చాపు!"

మా చెల్లెలు ఏడుస్తూ చెయ్యి చాపింది.